నేను మింగేసిన ప్రశ్న

మా ఆదివారం క్లాసు ఎందుకు ఆగిపోయిందని పటాన్‌చెరులో ఎవరినడిగినా ఒకటే చెబుతారు: మతం గొడవైంది, భయపడి మూసేశారు అని. అమీన్‌పూర్ దాకా పోయేసరికి ఈ కథలో పోలీసులు కూడా వచ్చి చేరారట. అంతా అబద్ధం. వచ్చింది ఇద్దరు మనుషులు, క్లాసు జరిగే సందులో ఉండేవాళ్ళే. ఇక్కడ మతం మారుస్తున్నారా అని అడిగారు. కూర్చుని విని మీరే చెప్పండి అన్నాను. అరగంట విన్నారు. ఒకాయన ఆవలించాడు. రెండో ఆయన, దీనివల్ల మోకాళ్ళ నొప్పి తగ్గుతుందా అని అడిగి, తగ్గదని తెలుసుకుని, చాయ్ తాగి వెళ్ళిపోయాడు. గొడవంటే అదీ.

క్లాసు ఆగిపోయింది నా వల్ల. ఒక మనిషి అడిగిన ప్రశ్నలో సగం మింగేసి, మిగతా సగం ముందుకు పంపినందువల్ల.

నేను సంగారెడ్డిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. ఆధ్యాత్మికం మీద నాకెప్పుడూ ఆసక్తి లేదు, అది మాట్లాడేవాళ్ళతో వాదించడం మీద ఉండేది. మా వీధిలో రిటైరైన బ్యాంకు మేనేజరు ఒకాయన ఫోన్లో కబ్బాలా పాఠాలు వినేవారు. యూదుల సంప్రదాయంలో పుట్టిన అంతరంగ విద్య అది. పది మందిమి కూడితే ఇజ్రాయెల్ నుంచి ఒక ఉపాధ్యాయుడు వీడియోలో మాట్లాడతాడనీ, ఆయనది ఇంగ్లీషు కాబట్టి తెలుగు చేసే మనిషి కావాలనీ నన్ను అడిగారు. దూరంగా కూర్చుని వాదించేకంటే మధ్యలో కూర్చుని వాదించడం మేలనిపించి ఒప్పుకున్నాను.

ట్యూషన్ సెంటరు మేడ మీద ఒక గది. గోడ మీద ఎంసెట్ ర్యాంకర్ల ఫోటోలు, వాటి కింద మా తెర. కుర్చీలు గుండ్రంగా వేసుకునేవాళ్ళం. ఒకరు తెలుగులో అడుగుతారు, నేను ఇంగ్లీషులో చెబుతాను, ఆయన జవాబిస్తాడు, నేను తెలుగు చేస్తాను. నా సొంత మాట ఒక్కటి కూడా కలపకూడదని మొదటి రోజే షరతు పెట్టారు. నా సంగతి ఎవరో ముందే చెప్పి ఉంటారు.

మొదటి నెల ప్రశ్నలు వినాలి. కబ్బాలా వాళ్ళు కట్టుకుంటారనే ఎర్ర దారం ఏ చేతికి కట్టుకోవాలి? మాంసం మానాలా? గుడికి పోవచ్చా, బోనం ఎత్తొచ్చా? ఆడవాళ్ళు చదవొచ్చా, నలభై దాటితేనే చదవాలంటారు నిజమేనా? ముత్తంగి దగ్గర ప్లాట్లు అమ్మే ఒకాయన, దీంట్లో దిక్కుల సంగతి ఏమైనా ఉందా అని మూడు వారాలు వరసగా అడిగాడు. ఉపాధ్యాయుడికి ఓపిక ఎక్కువ. మీ దేవుణ్ణి మీరు మొక్కుకోండి, మీ కూర మీరు తినండి, దారం మీద నాకు నమ్మకం లేదు అనేవాడు. ఆయన చెప్పేది ఒక్కటే. మనిషంటే పుచ్చుకోవాలన్న కోరిక. తినేది, చదివేది, ప్రేమించేది, చివరికి దానం చేసేది కూడా లోపల ఏదో పుచ్చుకోవడానికే. ఆ కోరికను చంపనక్కరలేదు, అది ఎవరి కోసమన్నది మారాలి. చేసే పని కాదు, దాని వెనక ఉన్న ఉద్దేశం ముఖ్యం.

ఇక్కడే నేను ఆగలేకపోయాను. మా దగ్గర కోరికే దుఃఖానికి మూలమని పుట్టినప్పటి నుంచి చెవిలో పోస్తారు, మీరేమో దాన్ని ఉంచుకోమంటారు, ఎవరి మాట నమ్మాలి అన్నాను. ఆయన నవ్వి, కోరిక గిన్నె లాంటిది, దాన్ని పగలగొట్టుకుంటే రేపు ఎవరైనా ఏమైనా పోస్తానంటే ఏం పట్టుకొస్తావు అన్నాడు. ఆ జవాబు నాకు నచ్చింది. నచ్చిందని ఆయనకు చెప్పలేదు.

ఆ గది ఊడవడానికి ఆదివారాలు ఒకామె వచ్చేది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. మిగతా ఆరు రోజులు మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. ఊరు ముత్తంగి అవతల. ఆ ఊళ్ళో ఒకప్పుడు వాళ్ళమ్మ మా మేనమామల పొలంలో కూలికి వచ్చేదట. ఈ సంగతి ఆమే చెప్పింది, నాకు తెలియదు. ఊడ్చేశాక వెళ్ళిపోకుండా గడప దగ్గర కింద కూర్చుని వినేది. మేనేజరు గారు ఒకసారి లేచి కుర్చీ జరిపారు. రెండు వారాలు కుర్చీని చూసి, మూడో వారం కూర్చుంది. అలా పదకొండో మనిషైంది. రెండు నెలలు నోరు విప్పలేదు.

విప్పిన రోజు ఉద్దేశం గురించే పాఠం. ఆమె కుర్చీ అంచున కూర్చుని, తెర వైపు చూస్తూ, నాతో అంది:

"సార్‌ను ఒకటి అడుగుండ్రి మేడం. మా ఆయనకు పక్షవాతమొచ్చి ఆరేండ్లాయె. కడుగుడు, తినిపిచ్చుడు, బట్ట మార్చుడు, అన్ని నేనే. నేను డ్యూటీకి పోతే మా ఆడబిడ్డ సూస్తది, వచ్చినంక మల్ల నేనే. ఒక్క పూట తప్పలే. గని చేసుకుంట చేసుకుంట లోపట మాత్రం, ఈయన జల్ది పోతే బాగుండు అనుకుంట. రోజూ అనుకుంట. సార్ చెప్పే లెక్కల నేను ఇచ్చేదాన్నా, తీస్కునేదాన్నా?"

మేనేజరు గారు కళ్ళద్దాలు తీసి పట్టుకున్నారు. అమీన్‌పూర్ నుంచి వచ్చే సాఫ్ట్‌వేర్ అమ్మాయి తల దించుకుంది. ఉపాధ్యాయుడు తెరలోంచి నా వైపు చూస్తూ ఉన్నాడు. నేను ఇంగ్లీషులో చెప్పాను: ఈమె ఆరేళ్ళుగా జబ్బుపడిన భర్తకు సేవ చేస్తోంది, ఒక్కోసారి విసుగొస్తుంది, విసుగుతో చేసింది సేవ అవుతుందా అని అడుగుతోంది. ఆయన తల ఊపాడు. విసుగు సహజం, కాసేపు విశ్రాంతి తీసుకోమనండి, బంధువుల సాయం తీసుకోమనండి అన్నాడు. దాన్ని నేను చక్కగా తెలుగు చేశాను. ఒక్క మాట పొల్లుపోకుండా. ఆమె విని, నన్నే చూస్తూ ఉండిపోయింది. తర్వాతి ప్రశ్న ప్లాట్లాయనది.

క్లాసయ్యాక మెట్ల మీద నా కోసం ఆగింది.

"మీరు నా మాట చెప్పలే మేడం."

చెప్పానక్కా అన్నాను.

"నేను గంత మాటంటే ఆయన మొఖం జెర గూడ మారలే. మేనేజర్ సార్‌కు మారింది. ఆ పిల్లకు మారింది. మీకు గూడ మారింది. ఆయనకే ఎందుకు మారలే?"

ఆమెకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఇరవై రెండేళ్ళుగా అనువాదాల పేపర్లు దిద్దుతున్నాను, నా తప్పును ఇంత తేలిగ్గా పట్టుకున్నవాళ్ళు లేరు. దొరికిపోయాక నేను చేసే పని ఎప్పుడూ ఒకటే, ఎదురు వాదించడం. నలుగురిలో నీ పరువు పోతుందని చూశాను, అది తప్పా అన్నాను.

"నలుగురు తెలుగోళ్ళే గద మేడం. వాళ్ళు ఇననే ఇన్నరు. ఇంగ్లీషాయన ఒక్కడు ఇనకపోతే నా ఇజ్జత్ నిలవడ్డదా?"

ఆమె చీపురు మూలకు పెట్టి, చెప్పులేసుకుంటూ ఇంకొక్క మాటంది. "మీ నోట్లకెళ్ళి పోవాలంటే మీకు నచ్చిన మాటనే పోతది. ఇగ నేనెందుకు వచ్చుడు." కోపంగా అనలేదు. బస్సు పోయిందని చెప్పినట్టు అంది. మరుసటి ఆదివారం గది ఊడవడానికి వేరే మనిషి వచ్చింది.

ఈ రెండు ఆదివారాల మధ్య వారమంతా కాలేజీ బస్సులో కూర్చుని నన్ను నేను సమర్థించుకున్నాను. పరువు, మర్యాద, పరాయివాడి ముందు మన ఇంటి గుట్టు, ఇలా చాలా దొరికాయి. బస్సు కంది ఊరు దాటే లోపే అన్నీ రాలిపోయేవి. ఆమె చెప్పింది నిజం, ఆ గదిలో ఆమె పరువుకు నేను చేసిన మేలు సున్నా. అసలు సంగతి వేరు. మా అత్తగారు పద్నాలుగు నెలలు మంచంలో ఉన్నారు. నేనే చూసుకున్నాను. బంధువుల్లో నాకు ఈ రోజుకూ ఉన్న మంచిపేరు అదొక్కటే. ఆ పద్నాలుగు నెలల్లో చివరి ఆరు, పొద్దున లేస్తూనే పక్క గదిలో దగ్గు వినిపిస్తే, ఇంకా బతికే ఉందా అనుకునేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన మాట అని కూడా తోచలేదు. ఆమె తన మాట పదిమందిలో పెట్టినప్పుడు నేను కప్పింది ఆమెను కాదు.

ఆ రెండో ఆదివారం క్లాసు అయ్యాక అందరినీ పంపేసి ఉపాధ్యాయుడితో ఒక్కదాన్నే మాట్లాడాను. ఆ ప్రశ్నను ఆమె అడిగినట్టే అడిగాను, ఏమీ తీసేయకుండా. ఆయన ముఖం మారింది. మొదట, నువ్వు పోయిన వారం ఇలా ఎందుకు చెప్పలేదు అని అడిగాడు. చెప్పాను. ఆ తర్వాత మెల్లగా జవాబిచ్చాడు: తన లోపల ఏముందో చూసుకున్న మనిషి ఆమె, చాలామంది అక్కడిదాకా రారు. పని చేతుల్లో ఉంటుంది. ఉద్దేశం మాత్రం మన బలంతో మారదు, మార్చమని అడగాలి. మారేదాకా చేసే పని మానకూడదు.

రాసుకున్నాను. అదే రోజు కాగితం పట్టుకుని ఆటోలో ముత్తంగి దిగి, గోదాముల వెనక దారిలో వాళ్ళ ఊరికి నడిచాను. మధ్యాహ్నం రెండైంది. రెండు గదుల రేకుల ఇల్లు. ముందు గదిలో మంచం, మంచంలో ఆమె భర్త. కుడి పక్క పడిపోయింది, మాట రాదు. తల కింద దిండు పెట్టి, పప్పు మెత్తగా పిసికి కలిపిన అన్నం తినిపిస్తోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కూర్చోమంది.

"ఏమన్నడు సారు?"

నేను మంచం వైపు చూశాను. బయటికి వస్తావా అక్కా అన్నాను.

"ఆయన ముందరనే చెప్పుండ్రి. ఆయనకు ఎరుకే."

ఆయనకెలా తెలుసన్నాను.

"నేనే చెప్పిన. మొదలు ఆయనకే చెప్పిన, గా తర్వాతనే క్లాసుల అడిగిన. ఇంట్ల దాసిపెట్టి బయట చెప్తే మంచిగుంటదా?"

విని ఆయనేం చేశాడని అడగకుండా ఉండాల్సింది. అడిగాను.

"మాట రాదు గద. కండ్లు మూసుకున్నడు. పక్షవాతం రాకముందు నేను ఏమన్నంటే పది మాటలు తిరగ అనేటోడు." ముద్ద సర్దుతూ నవ్వింది. "మాపటికి మల్ల తిన్నడు."

ఆయన అక్కడే ఉన్నాడు, కళ్ళు తెరిచే ఉన్నాడు. మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. నేను కాగితం తీసి, ఉపాధ్యాయుడు చెప్పింది మొదటి నుంచి చివరిదాకా చదివాను.

"అంటే, చేసుకుంట ఉండుమన్నడు," అంది ఆమె.

అవునన్నాను.

"చేస్తనే ఉన్న గద. లోపటిది మార్చుమని అడుక్కోమన్నడు, గదీ మంచిదే. గని నేను అడిగింది గది గాదు మేడం. ఇచ్చేదాన్నా, తీస్కునేదాన్నా అని అడిగిన. రెండిట్ల ఒకటి చెప్పాలె."

ఆ మాట నిజమే. ఆయన చెప్పలేదు. మళ్ళీ అడుగుతానన్నాను. వద్దంది. జవాబు తెచ్చినందుకు చాయ్ పెట్టింది, తాగాను. నేను లేచేటప్పటికి గిన్నెలో ఇంకో రెండు ముద్దలున్నాయి. ఆమె చెయ్యి ఎత్తింది. ఆయన నోరు తెరిచాడు.

ఆ పై ఆదివారం క్లాసులో, నేను చేసింది ఇదీ అని అందరికీ చెప్పి, ఇంకొకరిని చూసుకోమన్నాను. ఎవరూ నన్ను తిట్టలేదు, అదే నాకు ఎక్కువ నచ్చలేదు. సాఫ్ట్‌వేర్ అమ్మాయి రెండు వారాలు ప్రయత్నించింది. ఆమె తెలుగు అర్థం కావాలంటే మళ్ళీ ఒక మనిషి కావాలి. మేనేజరు గారు ఫోన్లో వినడానికి తిరిగి పోయారు. ప్లాట్లాయన వాస్తు వైపు పోయాడు. మేడ గదిలో ఇప్పుడు ఆదివారాలు కూడా ఎంసెట్ పాఠాలే.

నేను ఇంట్లో కూర్చుని ఆ పాఠాలు ఇంగ్లీషులో చదువుతూనే ఉన్నాను. కబ్బాలా అన్న మాటకు అర్థమే పుచ్చుకోవడం అని మొదటి పేజీలోనే ఉంటుంది. తన కోసం కాక, ఇచ్చేవాళ్ళ కోసం పుచ్చుకోవడం అన్నిటికంటే కష్టమైనదని తర్వాత చాలా పేజీల్లో ఉంటుంది. చదివినప్పుడల్లా నాకు ఆ రేకుల గది కనబడుతుంది. ఆమె గురించి అడిగాను, నా గురించి కూడా అడిగినట్టే. మంచంలో ఉన్న ఆమె భర్త గురించి మాలో ఎవరమూ అడగలేదు. తినిపించే చెయ్యి లోపల ఏం కోరుకుంటోందో తెలిసిన మనిషి, ఆ సాయంత్రం, మరుసటి పొద్దున, ఈ రోజు కూడా, ముద్ద దగ్గరికి రాగానే నోరు తెరుస్తున్నాడే, ఆ పుచ్చుకోవడాన్ని ఏమనాలి?