సున్నా సెకన్లు

ఆఫీసులో ఆవిడ అసలు పేరు చాలామందికి తెలియదు. లూపు అంటే ఏమిటని ఎవరైనా అడిగితే చాలు, చూపుడువేలు గాల్లో తిప్పుతూ మొదలుపెడుతుంది కాబట్టి గిరగిర మేడం అయిపోయింది. ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చెయ్యమని కంప్యూటరుకు చెప్పడమే లూపు. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ రాస్తున్నవి అవే. ఊళ్ళో తిరిగే బస్సుల్లో దేన్ని ఏ డ్రైవరు నడపాలో రోజూ తేల్చేది ఆవిడ సి భాషలో రాసిన ప్రోగ్రామే. ఒక్కో బస్సుకు ఒక్కో డ్రైవరునూ, ఒక్కో డ్రైవరుకు ఒక్కో ట్రిప్పునూ పెట్టి చూస్తూ, ఒకదాని కడుపులో ఒకటిగా నాలుగు లూపులు. గానుగెద్దునైనా సాయంత్రానికి విప్పుతారు. ఈవిడను విప్పినవాళ్ళు లేరు.

ఇంటికి వెళ్తే అక్క. రెండేళ్ళ కిందట ఆమెకు కుడి కాలూ కుడి చెయ్యీ పడిపోయాయి. పగలు పక్కింటావిడ ఓ కన్నేసి ఉంచుతుంది కానీ, పొద్దున్నే మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టడం మాత్రం చెల్లెలి పనే. ఎక్కడ పట్టుకుంటే నొప్పి పుట్టదో ఆ చేతులకే తెలుసు.

ఇలా ఉండగా కొత్త మేనేజరు వచ్చింది. సి, జావా, పైతాన్ మూడింటిలోనూ లూపులు ఎంత వేగంగా తిరుగుతాయో, ఎంత తేలిగ్గా మనం చెప్పినట్టు వంగుతాయో పోల్చి వారంలో రిపోర్టు ఇమ్మంది.

“మీ ప్రోగ్రామే నెగ్గితే దాన్నే ఉంచుతాం మేడం. లేదంటే కొత్తవాళ్ళు పైతాన్‌లో రాస్తారు. మీకు నది అవతలి డిపోలో పోస్టు ఉంది.”

ఆ డిపో నాలుగు గంటల దూరం. ఆవిడ సరేనంది. కాదనడానికి కూడా ఓపిక కావాలి కదా.

ఒకటి నుంచి నూరు కోట్ల దాకా ఉన్న అంకెలన్నీ కూడమని మూడు భాషల్లోనూ రాసింది. పైతాన్‌కు నిమిషం మీద పది సెకన్లు పట్టింది. ఈలోగా ఆవిడ టీ తెచ్చుకుని సగం తాగేసింది. జావా సెకనులోపే ముగించింది. సి మాత్రం సున్నా చూపించింది. మళ్ళీ నడిపింది, మళ్ళీ సున్నా. ఆ క్షణంలో ఆవిడ చంకలు గుద్దుకున్న మాట నిజం. ఆ సున్నా ఒక్కటి పట్టికలో పెడితే చాలు, ఇక అడిగేవాళ్ళుండరు.

టీ చల్లారేసరికి అనుమానం మొదలైంది. నూరు కోట్లు కూడటం ఎంత గొప్ప కంప్యూటరుకైనా సున్నా సెకన్లలో అయ్యే పని కాదు. తిరిగి చూసుకుంటే తప్పు తనదే. చెయ్యి తిరిగిన భాష కదా అనే ధీమాతో, వచ్చిన మొత్తాన్ని చూపించమనే వాక్యం రాయడం మరిచిపోయింది. రాసినదాన్ని కంప్యూటరుకు అర్థమయ్యేలా మార్చిపెట్టే సి కంపైలరు, ఆ మొత్తం ఎవరికీ అక్కర్లేదని కనిపెట్టి, లూపును తీసి పక్కన పారేసింది. లెక్కే చెయ్యలేదు.

మేనేజరుకు ఇదేమీ తెలియదు. తెలిసినవాళ్ళు ఆ ఆఫీసులో ఇంకెవరూ లేరు. గిరగిర మేడం మధ్యాహ్నమంతా ఆ సున్నా వైపు చూస్తూ కూర్చుంది. అక్కను లేపే పొద్దులు గుర్తొచ్చాయి. చివరికి ఆ వాక్యం చేర్చింది. అర సెకను పట్టింది. సున్నా చెరిపి అదే రాసింది.

అంతటితో ఊరుకుంటే పోయేది. నిజం చెప్పడం మొదలుపెట్టాక మధ్యలో ఆగడం ఆవిడకు చేతకాదు. డ్యూటీల చార్టు తన ప్రోగ్రాముతో రెండు నిమిషాల్లో వస్తుందనీ, పైతాన్‌తో తయారుగా దొరికే ముక్కలు కలిపి తానే రాసి చూస్తే తొమ్మిది పడుతుందనీ, ఉన్న వ్యవధి మూడు గంటలు కాబట్టి ఏదైనా సరిపోతుందనీ రాసింది. ఒకే డ్రైవరుకు వరసగా రెండు పొద్దుటి డ్యూటీలు వెయ్యొద్దని యూనియన్‌వాళ్ళు అడిగిన మార్పుకు, తన నాలుగు లూపులూ విప్పి కుట్టేసరికి పదకొండు రోజులు పట్టి తల ప్రాణం తోకకొచ్చిందనీ, పైతాన్‌లో అదే మార్పు ఒక్క పూటలో అయిపోయిందనీ కూడా రాసింది. తన గొయ్యి తానే, చక్కగా కొలతలు వేసి మరీ తవ్వుకుంది.

మేనేజరు రిపోర్టు అందుకుని మొదటి పేజీ చూసింది. రెండోది తిప్పలేదు.

“బాగా రాశారు. నిజానికి పోయిన నెలలోనే పైతాన్ అని తేల్చేశారు మేడం. ఫైల్లో ఒక పోలిక ఉండాలన్నారు, అందుకని...” అంటూ సొరుగులోంచి బదిలీ కాగితం తీసింది. దాని మీద తేదీ మూడు వారాల కిందటిది.

గిరగిర మేడానికి కోపం రాలేదు. కోపం తెచ్చుకునే బలం కూడా మిగల్లేదు. ఎవరికీ అక్కర్లేని లెక్కను కంపైలరు ముందే పసిగట్టి మానుకుంది, తనకు ఆ మాత్రం తెలివి లేకపోయింది అనుకుంటూ బస్సెక్కింది. డ్రైవరు చేతిలో చార్టు కనిపించింది. తన ప్రోగ్రాము వేసిన డ్యూటీయే.

ఇంటికెళ్ళి అక్క మంచం పక్కన కూలబడి జరిగిందంతా చెప్పింది. సున్నా సంగతీ, చెరిపేసిన సంగతీ, బదిలీ సంగతీ. అక్క అంతా విన్నది. రేపటి నుంచి తనను ఎవరు లేపుతారని అడుగుతుందని చెల్లెలు భయపడుతోంది. అక్క అది అడగలేదు.

“ఇంతకీ ఆ కూడిక ఎంతొచ్చిందే?”

వారం రోజుల్లో ఆ మాట అడిగిన మనిషి లేదు.

“ఐదు, ఎనిమిది సున్నాలు, మళ్ళీ ఐదు, మళ్ళీ ఎనిమిది సున్నాలు అక్కా.”

అక్క ఎడమచేతి వేళ్ళ మీద సున్నాలు లెక్కపెట్టుకుంటూ, మధ్యలో తప్పిపోయి, ఇంకోసారి చెప్పమంది.