మునిరత్నమ్మ మేడమ్ డెస్క్‌టాప్ మార్చారు

మునిరత్నమ్మ మేడమ్ కంప్యూటర్ పది రోజులపాటు ఒకే ముఖంతో ఉండగా చూసినవాళ్లు కర్ణాటకలోని మా చింతామణిలో లేరు. ఆవిడకున్న జబ్బు ఒకటే, డెస్క్‌టాప్ మార్చడం. వెనకాల కనిపించే పూలబొమ్మ మార్చడం అందరూ చేస్తారు, దానికి ఇంత చెప్పుకోనక్కర్లేదు. విండోస్‌కు బదులు ఆవిడ వాడే లైనక్సులో అయితే లోపలి సరుకు అట్లాగే ఉంచి, పైన కనిపించే సంసారం మొత్తాన్ని, అంటే మెనూ, కింది పట్టీ, గుర్తులు, గడియారం అన్నిటినీ ఎత్తి అవతల పెట్టి ఇంకో సంసారాన్ని దింపుకోవచ్చు. అటువంటివి పదీ పన్నెండు రకాలు ఉచితంగా దొరుకుతాయి. మామూలు మనిషి వాటిలో ఒకదాన్ని ఎంచుకొని జన్మంతా గడిపేస్తాడు. మేడమ్ సోమవారం ఒకటి దింపుతారు, గురువారానికి దానికి వంకలు పెడతారు, శనివారానికి దాన్ని సాగనంపుతారు.

నేను దేవరాజ్‌ని, లెక్కల మాస్టర్ని. మేడమ్ మా హైస్కూల్లోనే సైన్సు చెప్పి నాలుగేళ్ల కింద రిటైరయ్యారు. మా ఇంటికి రెండిళ్లవతల ఉంటారు. ఉంటారన్న మాటే గానీ ఆమె ఒకచోట ఉండే మనిషి కాదు. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో ఆమె కుర్చీలో కూర్చోగా ఏ పిల్లా చూడలేదు. సన్మానం నాడు శాలువా కప్పడానికి మేం ముగ్గురం ఆమె వెనకాల స్టేజీ అంతా తిరిగాం.

కంప్యూటర్ తెరమీద ‘ఇన్ని శాతం పూర్తయింది’ అని గీత కదులుతూ ఉంటే మేడమ్ దాని ముందు కూర్చోలేరు. ఇరవై శాతానికి వాకిట్లో ఉంటారు, యాభైకి మిద్దెమీద ఉంటారు, తొంభైకి మా ఇంట్లో ఉంటారు. నా భార్య ఆశా కాఫీ ఇస్తే నిలబడే తాగుతారు. తాగుతూ ఆ మాట అంటారు:

“అంతా బాగుండాది దేవరాజూ. ఒక్కటి మాత్రం కుదర్లా.”

ఆ కుదరని ఒక్కటీ ఎప్పుడూ ఊపిరిలాంటిదే అయివుంటుంది. ఒకసారి వైఫై, ఒకసారి కన్నడ టైపింగు. ఒకసారైతే మౌసు గుర్తే కనిపించలేదు. కంటికి కనపడని మౌసుతో రెండు రోజులు, చీకట్లో చెప్పులు వెతికినట్టు, ఆమె తెరంతా తడిమారు.

దీనికంతటికీ బలి అయ్యేది ఆమె భర్త గంగాధరప్ప. ఆయనకు కంప్యూటర్‌తో పని ఒక్కటే. పొద్దున్నే బాగేపల్లిలో ఉన్న తమ్ముడితో ముఖాముఖి మాట్లాడాలి. ఫోన్లో ముఖం చిన్నదిగా కనిపిస్తుందని ఆయనకు పెద్ద తెరే కావాలి. అన్నదమ్ములు మాట్లాడుకొనేది పొలం గట్టు గురించి. ఆ గట్టు మీద గడ్డికన్నా మాటలే ఎక్కువ మొలిచాయి.

“యాడబ్బా ఆ తమ్మునికి ఫోన్ చేసే నీలం బొమ్మ? నిన్న ఈడ కదా ఉండె?” అని ఆయన రోజూ తెరలో మూలమూలా వెతుకుతారు.

“కిందికి పోయినాది చూడు,” అని వంటింట్లోంచి మేడమ్.

“కింద ఏమీ లేదే.”

“మౌసు అట్ల తీసుకొనిపోతే పైకొస్తాది. దాక్కొని ఉంటాది.”

“పెండ్లయిన కొత్తలో నువ్వే ఇంతగా దాక్కోలేదు గదమ్మే!”

ఒకరోజు అంతా కుదిరింది, శబ్దం మాత్రం పోయింది. తెరమీద బాగేపల్లి తమ్ముడు చేతులూపుతున్నాడు, కళ్లెర్రజేస్తున్నాడు, నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. గంగాధరప్ప అరగంటసేపు ప్రశాంతంగా తలూపి, నమస్కారం పెట్టి లేచారు. సాయంత్రం నన్ను దారిలో ఆపి, “దేవరాజప్పా, మీ మేడమ్‌కు చెప్పు. నలభై ఏండ్లలో మా తమ్ముడు నన్ను తిట్టకుండా మాట్లాడింది ఈరోజే. ఈ డెస్క్‌టాప్ ఇంగ మార్చొద్దని చెప్పు,” అన్నారు. నేను చెప్పేలోపే మేడమ్ శబ్దాన్ని పట్టేశారు. అది పోలేదట, స్పీకర్‌కు బదులు, ఇంట్లోనే లేని టీవీకి పోతోందట. సెట్టింగుల్లో దారి మళ్లించగానే బాగేపల్లి తిట్లు వీధి చివరిదాకా వినిపించాయి.

నా ల్యాప్‌టాప్‌కూ ఆ యోగం పట్టింది. పిల్లల మార్కులు సాయంత్రం ఐదులోపల వెబ్‌సైటులో ఎక్కించాలి. మూడు గంటలకు మేడమ్ వచ్చారు.

“ఏమప్పా, ఇంగా ఆ పాతదే పెట్టుకోనుండావా? దీన్ని చూస్తే నాకే కండ్లు మూతలు పడతాండాయి. ఆశా కాఫీ కలిపేలోపల మార్చేస్తా, లే.”

“ఈరోజు వద్దు మేడమ్, మార్కులు…”

“మార్కులు యాడికీ పోవు, లే అంటాండా గదా!”

ముప్పై ఒక్క ఏళ్లు పిల్లల్ని ‘లే’ అన్న గొంతు అది. లేచాను. కాఫీ వచ్చేలోపల కొత్త డెస్క్‌టాప్ వచ్చింది. అందంగానే ఉంది. తలకిందులుగా ఉంది. ఆమె వేలు ఏ మీటలమీద పడిందో గానీ తెర మొత్తం శీర్షాసనం వేసింది. మౌసును కుడికి జరిపితే గుర్తు ఎడమకు పోతోంది. నేను ల్యాప్‌టాప్‌ను గుడారంలా బోర్లా నిలబెట్టాను. ఆశా దాన్ని పడిపోకుండా పట్టుకుంది. నేను మీటలకోసం వెనక్కి చేతులు పెట్టి తడుముకుంటూ, పున్నెంకొద్దీ పాసయ్యే పిల్లవాడికి తొంభై ఎనిమిది వేశాను. హెడ్‌మాస్టర్ ఫోన్ చేస్తున్నాడు. మేడమ్ నా చుట్టూ తిరుగుతున్నారు.

“అంతా బాగుండాది. ఒక్కటి మాత్రం…”

“మేడమ్!” అని అరిచాను. జీవితంలో ఆమెమీద అరిచింది ఆ ఒక్కసారే.

నాలుగూ ముప్పావుకు తెర లేచి కాళ్లమీద నిలబడింది. ఐదుకు రెండు నిమిషాలుండగా మార్కులు వెబ్‌సైటులో ఎక్కాయి. తర్వాత తెలిసింది, లాగిన్ అయ్యేచోట మూలలో ఉన్న చిన్న చక్రాన్ని నొక్కితే పాత డెస్క్‌టాప్ ఎప్పుడైనా తిరిగి ఎంచుకోవచ్చని.

“ఇది ముందే ఏంటికి చెప్పలేదు మేడమ్?”

“చెప్పింటే కొత్తది నేర్చుకోనుంటావా?” అన్నారు ఆమె, నేనేదో ఇంటిపని చేసుకురానట్టు.

ఇదంతా మామూలు జబ్బు. ఐదు నెలల కిందట అది ముదిరింది. కూతురు ప్రతిమ చిక్కబళ్లాపురం నుంచి తెచ్చిచ్చిన కొత్త ల్యాప్‌టాప్‌ను మేడమ్ బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టేసి, ఎక్కడో వెతికి వెతికి ఒక ముసలి నల్ల డబ్బా కంప్యూటర్ కొనుక్కొచ్చారు. బటన్ నొక్కితే అది ముందు దగ్గుతుంది, తర్వాత ఆలోచిస్తుంది, ఆ తర్వాత వెలుగుతుంది. దానిమీద వారానికొక డెస్క్‌టాప్ కాస్తా రోజుకొకటైంది. ఒక వారంలో ఐదు మార్చారు. అన్నం సగంలో లేచిపోతున్నారు. మాట్లాడుతూ మాట్లాడుతూ మాట మధ్యలో ఆపి ఇంటికి పరిగెత్తుతున్నారు. అడిగితే, “సుమ్నే, ఊరికే పొద్దు పోక,” అంటున్నారు.

గంగాధరప్ప కూడా నవ్వడం మానేశారు. “దేవరాజప్పా, పిలిస్తే పలకదు. నిద్దరలో వేళ్లు ఆడిస్తాండాది. నువ్వయినా ఒక మాట చెప్పు,” అన్నారు.

ఆ శనివారం మధ్యాహ్నం స్కూలు వదలగానే, గట్టిగా చెప్పాలని మనసులో నాలుగు మాటలు కూర్చుకొని వెళ్లాను. తలుపు దగ్గరే ఆగిపోయాను. మేడమ్ కుడిచేతిని తువ్వాలుతో నడుముకు కట్టేసుకొని, ఎడమచేత్తో మీటలు కొడుతున్నారు. కొట్టి, తిట్టి, మళ్లీ కొడుతున్నారు. నా నాలుగు మాటలూ ఎగిరిపోయాయి.

“ఒక మీటను పట్టుకోని ఇంగోదాన్ని నొక్కల్ల. అవి చూస్తే ఈ మూలొకటి, ఆ మూలొకటి ఉండాయి. ఒక్క చేత్తో ఎట్లప్పా నొక్కేది?” అన్నారు నా వైపు తిరక్కుండానే.

“రెండో చేయి విప్పండి మేడమ్.”

“ఆ తెలివి నాకూ ఉండాది.”

నేను మెల్లిగా ఒక స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఇటువంటి సమయంలో ఎదురు చెప్పకూడదని విన్నాను.

“రెండూ ఒకేసారి నొక్కకుండా, ఒకదాని తర్వాత ఒకటి నొక్కినా చాలనే ఏర్పాటు ఒకటి ఉండాది. పెడితే బాగా పనిచేస్తాది. రీస్టార్టు చేస్తే పోతాది. దయ్యంలాగా మాయమైపోతాది. దీన్ని నిలబెట్టల్ల,” అంటూ లేచి రెండుసార్లు గది తిరిగారు. మూడోసారి తిరుగుతూ తిరుగుతూ ఆగారు. “ఓహో! కంప్యూటర్ లేచినప్పుడే దాన్ని కూడా లేపమని జాబితాలో రాయల్ల!” ఎడమచేత్తోనే రాశారు. రీస్టార్టు చేశారు. నల్ల డబ్బా దగ్గింది, ఆలోచించింది, వెలిగింది. ఆమె ఒక మీట నొక్కి, వేలు తీసి, గాలిలో ఆడించి, రెండో మీట నొక్కారు. తెరమీద ప్రింటు పెట్టె తెరుచుకుంది. మేడమ్ కట్టుచేయితోనే గంతేశారు.

“రేపు ఆదివారం నీకు పని ఉండాదా?”

“ఉంది మేడమ్.”

“మానుకో. దిబ్బూరహళ్లికి పోదాం.”

బస్సులో ఆమె మూడు సీట్లు మారారు. మూడో సీటులో నాకు విషయం చెప్పారు. లక్ష్మణప్ప, మేడమ్ మొదట పనిచేసిన దిబ్బూరహళ్లి బడిలో ఆమెకు మొట్టమొదటి శిష్యుడు. ఇప్పుడు నలభై దాటినవాడు. ఊళ్లో చిన్న ఆన్‌లైన్ సెంటరు నడుపుతాడు. పొలం కాగితం, అదే పహణి, కావాలన్నా, పిల్లలకు కులపత్రం కావాలన్నా చుట్టుపక్కల రైతులు అతని దగ్గరికే వస్తారు. ఐదు నెలల కింద పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. బోర్డు దించేస్తానన్నాడు. మేడమ్ వద్దన్నారు.

“అప్పటినుంచీ ఇదేనా మేడమ్ మీ డెస్క్‌టాపుల కథ? మాకు చెప్పచ్చు గదా. మీకు పిచ్చి పట్టిందనుకొంటాండాం అందరం!”

“వాడు ఎవురికీ చెప్పొద్దన్నాడు. అయ్యో పాపం అనిపించుకోనేది వానికి ఇష్టం లేదు. అయినా, నాకు పిచ్చి లేదని ఎవురు చెప్పినారప్పా? ఉండాది.”

సెంటర్లో లక్ష్మణప్ప టేబుల్ మీద కూర్చుని ఉంది అచ్చం మేడమ్ కొన్నదానిలాంటి ముసలి నల్ల డబ్బా. నేను దాన్నీ, ఆమెనూ మార్చి మార్చి చూశాను. “వానిదాంట్లో ప్రయోగాలు చేసి చెడగొడితే వాని గిరాకీ పోతాది. చెడేది ఏదో మా ఇంట్లోనే చెడనీ అని అట్లాంటిదే తెచ్చుకొంటి,” అన్నారు ఆమె, పెన్‌డ్రైవ్ తీస్తూ.

అప్పటికే అంజనమ్మ అనే ఒకావిడ బెంచీమీద కాచుకుని ఉంది. మర్నాడు పొద్దున్నే తాలూకాఫీసులో ఇవ్వడానికి ఆమెకు పహణి కావాలి. ఒంటిగంట బస్సుకు వెళ్లిపోవాలి. మేడమ్ పన్నెండుకల్లా కొత్త డెస్క్‌టాప్ దించేశారు. అక్షరాలు పెద్దవిగా ఉన్నాయి. మౌసు ఎడమచేతికి మారింది. కన్నడ టైపింగు ఉంది. మీటలు ఒకదాని తర్వాత ఒకటి నొక్కితే చాలు. లక్ష్మణప్ప పహణి తెరిచి, ప్రింటు నొక్కాడు. ప్రింటర్ ఉలకలేదు, పలకలేదు.

“అంతా బాగుండాది,” అని మేడమ్ మొదలుపెట్టారు. నేను కళ్లు మూసుకున్నాను.

పన్నెండున్నర అయింది. మేడమ్ తీగలు పీకి మళ్లీ పెట్టారు. ప్రింటర్‌ను ఆర్పి వెలిగించారు. బయటికెళ్లి మల్బరీ తోట దాకా నడిచి తిరిగొచ్చారు. “నొక్కు, ఇంగోసారి నొక్కు,” అని అతనిచేత మొత్తం పన్నెండుసార్లు నొక్కించారు. అంజనమ్మ లేచి నిలబడింది. “పోనీలేమ్మా, చింతామణిలో చూసుకొంటా,” అంది. ఆ మాటకు లక్ష్మణప్ప ముఖం వాడిపోయింది. ఈ ఐదు నెలలూ అందరూ అతనికి చెబుతున్నది ఆ మాటే అయివుంటుంది.

“ఒక్క నిమిషం కూచో అంజనమ్మా,” అన్నాడు అతను. తర్వాత తెరవైపు వంగి, “మేడమ్, మీరు కొంచెం పక్కకు జరుగుతారా?” అన్నాడు.

మేడమ్ జరిగారు. ఆమెను జరగమన్న మనిషిని నేను అంతవరకూ చూడలేదు.

“ఈడ చూడండి. ప్రింటర్ పేరుండే చోట ‘ఫైల్‌లోకి’ అని ఉండాది. మనం నొక్కిందంతా కాయితం మీదికి రాకుండా లోపలే దాచుకొంటాండాది.” ఎడమచేత్తో మెల్లిగా జాబితా తెరిచి, ప్రింటర్ పేరు ఎంచుకున్నాడు. ఒక మీట నొక్కాడు. వేలు తీశాడు. ఇంకో మీట నొక్కాడు. ప్రింటర్ ఒళ్లు విరుచుకొని కాగితాన్ని మింగి, పహణిని బయటికి తోసింది. దాచుకున్న చోట వెతికితే అంజనమ్మ పొలం పన్నెండుసార్లు దొరికింది.

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుని బస్సుకు పరిగెత్తింది. ఆ వెనకే ఇంకో ఇద్దరు వచ్చారు. లక్ష్మణప్ప వాళ్లను కూర్చోమన్నాడు. మేము వచ్చామన్న సంగతే మరిచిపోయినట్టు పనిలో పడ్డాడు. మేడమ్ గోడకు ఆనుకొని చూస్తున్నారు. ఆశ్చర్యం, పది నిమిషాలపాటు కదల్లేదు. తర్వాత కదిలారు.

“లక్ష్మణప్పా, ఆ కింది పట్టీ పైకి పెడితే ఇంగా బాగుంటాదేమో. రెండే నిమిషాలు. లే.”

లక్ష్మణప్ప లేవలేదు. తెరను కొంచెం తన వైపు తిప్పుకుని, ఎడమచేత్తో టకటకా ఏదో కొట్టాడు. మళ్లీ అదే కొట్టాడు.

“ఏం చేసినావురా?”

“పాస్‌వర్డ్ మార్చినాను మేడమ్.”

“ఏమని?”

“మీకు చెప్పను మేడమ్.”

బెంచీమీద ఉన్నవాళ్లు నవ్వారు. మేడమ్ ముఖం ఎర్రగా అయింది. అతని చెవి మెలిపెడతారేమో అనుకున్నాను. ఆమె బ్యాగు భుజానికి తగిలించుకొని, విసవిసా నడిచి బస్సెక్కేశారు.

దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నారు. “చూస్తివా వాని పొగరు? నేను దించిచ్చిన డెస్క్‌టాపు, నాకే తాళం ఏసినాడు! పద్నాలుగు అక్షరాలు కొట్టినాడప్పా, ఒక్క చేత్తో, చూడకుండా కొట్టినాడు!” అని నవ్వడం మొదలుపెట్టారు. పక్క సీటువాళ్లు తిరిగి చూసేదాకా నవ్వారు. తర్వాత కళ్లు తుడుచుకొని నా వైపు వంగారు.

“నువ్వు వాని పక్కనే ఉంటివి గదా, దేవరాజూ. ఏమి కొట్టినాడో చూసినావా?”

“చూడలేదు మేడమ్,” అన్నాను.

చూశాను. కానీ చెబితే వచ్చే ఆదివారం ఆమె మళ్లీ ఈ బస్సులోనే ఉంటారు, పక్కన నేనుంటాను.