భువనేశ్వరికి వినిపించాలనుకున్న ఊరు

నగరిలో మరమగ్గాలున్న వీధిలో మనుషులు మామూలుగా మాట్లాడుకోరు. అరుచుకుంటారు, లేదా చేతులతో చెప్పుకుంటారు. రెండు వేళ్ళు నోటి దగ్గర పెడితే టీ. అరచెయ్యి బోర్లిస్తే మోటారు ఆపమని. పెళ్ళయిన ఇరవై ఎనిమిదేళ్ళుగా తులసీరాం, భువనేశ్వరి ఇలాగే కాపురం చేస్తున్నారు. ముందుగదిలో రెండు మగ్గాలు. ఆయన వాటిని ఆడిస్తాడు. ఆమె పక్కనే కూర్చుని అడ్డదారాన్ని అటూ ఇటూ తీసుకెళ్ళే నాడెలోకి దారం కండెలు చుడుతుంది. పోట్లాట వస్తే మాత్రం మోటారు ఆపుతారు.

"తిట్టింది ఇనపడాల గదబ్బా," అంటుంది భువనేశ్వరి.

మూడేళ్ళ కిందట ఒక మంగళవారం మగ్గం మీది పడుగు, అంటే నిలువు దారాలు, అయిపోయింది. పాత దారాల కొసలకు కొత్త పడుగు దారాలను ఒక్కొక్కటిగా పురిపెట్టి అతకాలి. అతికే గంగాధరం వాళ్ళింట్లో పెళ్ళి. రెండు రోజులు రాలేనన్నాడు. ఈలోపల తిరుత్తణి వెళ్ళి నాడె ఒకటి కొనుక్కొద్దామని తులసీరాం బస్సెక్కాడు. అది తిరుపతి నుంచి పాండిచ్చేరి వెళ్ళే బస్సు.

కండక్టరు "యాడికి?" అన్నాడు.

"బస్సు యాడికి పోతాదో ఆడికే," అనేశాడు తులసీరాం.

"ఆ మాట నా నోట్లోంచి ఎట్ల వచ్చిందో నాకే తెలీదన్నా. కిటికీ పక్కన సీటు దొరికింది, గాలి వస్తాండాది. యాభై ఏండ్లకి ఒకతూరి వచ్చిన మాట, వెనక్కి ఎందుకు తీసుకోవాల అనుకుంటి," అంటాడు ఇప్పుడు, వాళ్ళింటికి వెళ్ళిన నాతో.

దారిలో ఇంటికి ఫోను చేశాడు. భువనేశ్వరి అంతా విని, "పాండిచ్చేరిలో నాడెలు అంత బాగుంటాయా మామా?" అని అడిగి పెట్టేసింది.

ఆ రాత్రి ఏదో చిన్న లాడ్జిలో పడుకుని, తెల్లవారి టీ కోసం సముద్రం వెనక వీధుల్లోకి నడిచాడు. పసుపు రంగు గోడలు, వాటి మీది నుంచి వేలాడే కాగితంపూలు. ముందు అవేవీ ఆయన కంటికి ఆనలేదు. ఎక్కడో తేడాగా ఉందని మాత్రం అనిపించింది. పది అడుగులు వేశాక తెలిసింది, తన చెప్పుల చప్పుడు తనకే వినిపిస్తోందని. ఆగాడు. ఏదో మేడ మీద ఎవరో చీపురుతో ఊడుస్తున్నారు. పావురాయి రెక్కలు కొట్టుకుంది. వీధి చివర సైకిలు బెల్లు మోగితే అది మలుపు తిరిగి దూరమయ్యేదాకా విన్నాడు.

టీ బంకు దగ్గర "ఒక టీ!" అన్నాడు. బంకతను చేతిలో గ్లాసు వదిలేసినంత పని చేశాడు. "ఎందుకు సార్ అరుస్తారు? ముందరే ఉన్నాను కదా," అని తమిళంలో అడిగాడు. తులసీరాంకు సిగ్గేసింది. రెండో టీ అడగాలంటే గొంతు ఎంత తగ్గించాలో తెలియక, రెండు వేళ్ళు నోటి దగ్గర పెట్టి చూపించాడు. అతను ఈయన సిగరెట్టు అడుగుతున్నాడనుకుని పెట్టె తీశాడు.

సాయంత్రం బస్సుకు బదులు మరునాటి బస్సుకు వచ్చాడు. నాడె మాట మరిచిపోయాడు. మోటారు వేయకముందే భార్యను కూర్చోబెట్టి చెప్పాడు.

"మే, ఆ వీధుల్లో ఆకు రాలితే ఇనపడతాది."

"ఆకు రాలితే ఏం ఇనేది ఉండాది? ఊడ్సేదానికి నేను పోవాల్నా?"

"నిన్ను తీసకపోతాను సూడు. నువ్వు ఇనాల."

ఆ మాట దాదాపు మూడేళ్ళు మాటగానే ఉండిపోయింది. పడుగు అయిపోయినప్పుడే వాళ్ళకు తీరిక. కానీ ఆ రోజుల్లోనే గంగాధరం వచ్చి కూర్చుంటే, ఎదురుగా కూర్చుని ఒక్కో దారం విడదీసి అందించాల్సింది భువనేశ్వరి. పడుగు నడుస్తుండగా మగ్గం ఆపితే, నూలిచ్చే యజమాని బండి వచ్చేసరికి గుడ్డ ఉండదు. తరువాతి పడుగు పక్కింటికి వెళ్ళిపోతుంది. తులసీరాం మనసు ఏ పని మధ్యనో పాండిచ్చేరి వీధిలోకి వెళ్ళిపోయేది. దారం తెగిన సంగతి గుడ్డ పాడయ్యాక తెలిసేది.

ఈలోపల భువనేశ్వరి ఎడమవైపు నుంచి పిలిస్తే పలకడం మానేసింది. మోటారు ఆపి తిట్టినా నవ్వి ఊరుకునేది. తిరుపతిలో చెవుల డాక్టరు పరీక్షలు చేసి, నరం దెబ్బతిందని, ఉన్నది కూడా తగ్గుతూ పోతుందని చెప్పాడు. "ఎంత కాలం సార్?" అని తులసీరాం అడిగితే, అది ఎవరూ చెప్పలేరన్నాడు.

ఇంటికి రాగానే సగం నేసిన పడుగు మీద మోటారు ఆపాడు. గంగాధరం విని పరుగెత్తుకొచ్చాడు.

"ఏమప్పా, పిచ్చి పట్టిందా? పడుగు పోతాది."

"పోనీ. చెవులు పోతే ఎవురు అతికేది? నువ్వు అతుకుతావా?"

గంగాధరం ఆగిన మగ్గం వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

మరునాడు తెల్లవారేసరికి ఇద్దరూ ఆ పసుపు గోడల వీధిలో ఉన్నారు. తులసీరాం ఆమెకు కుడివైపున నడిచాడు. అదే వీధి, చీపురు చప్పుడు కూడా ఉంది. నడుస్తూ మధ్యమధ్య ఆమె ముఖం చూశాడు. ఆమె పూలు చూసింది, కిటికీ తలుపులు చూసింది, ఒక గుమ్మం ముందు ముగ్గు బాగుందంది. చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"ఎట్లుండాది మే?"

"బాగుండాది మామా. ఊరు శుభ్రంగా ఉండాది."

"అది కాదు. చప్పుడు?"

అబద్ధం చెప్పడం భువనేశ్వరికి చేతకాదు.

"మన మగ్గం ఆడతానే ఉండాది మామా."

"యాడ?"

ఆమె చెవి చూపించింది. "నాలుగైదేండ్లాయ. మోటారు ఆపినా ఆగదు. నీగ్గూడా అంతేనేమో, అందరికీ అంతేనేమో అనుకుంటి."

ఇంట్లో మగ్గమైతే అరచెయ్యి బోర్లిస్తే ఆగుతుంది. అక్కడే గట్టు మీద కూర్చున్నారు. ఆమె ఆయన భుజం తట్టి, "నువ్వు ఇను. నువ్వు ఇని నాకు చెప్పు," అంది. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. సైకిలు పోతాండాది, ఎవురో బిందె దించినారు, పావురాయి... అక్కడ మాట మాని, చేతులు రెక్కల్లా ఆడించి చూపించాడు.

గంగాధరం అన్నట్టే పడుగు పోయింది, యజమాని మళ్ళీ నూలివ్వలేదు. ఇప్పుడు నెలన్నరగా రెండు మగ్గాలూ గుడ్డ కప్పుకుని ఉన్నాయి. మధ్యాహ్నం మేం మాట్లాడుకుంటుంటే భువనేశ్వరి వంటింట్లోంచి "మోటారు ఆపి అన్నానికి రాండి," అని గట్టిగా పిలిచింది. తులసీరాం లేచి గోడ దగ్గరికి వెళ్ళి, ఎప్పుడో ఆపేసిన స్విచ్చి మీద చెయ్యి వేసి వచ్చాడు.

"పాండిచ్చేరికి నువ్వయినా ఇంకోసారి పోయి రా అంటాది నన్ను," అన్నాడు నాతో. "ఒక్కణ్ణే పోయి ఏం ఇనేదన్నా?"