గురువారం, పాలకేంద్రం దగ్గర

నా చిన్నప్పుడు మాకు గేదె లేకపోవడం వల్ల ఒక కుక్కపిల్ల చచ్చిపోయింది. వినడానికి వింతగా ఉంటుంది కానీ, జరిగింది సరిగ్గా అదే.

మాది చెరుకుపల్లి. నాన్న బడిపంతులు. పక్కింటాయన రైతు, నాలుగు గేదెలు ఉండేవి. చుట్టరికం లేకపోయినా పెదనాన్న అనేవాళ్లం. మా కుక్కపిల్ల ఆయన దూడను కాలవలోకి తరిమిన రోజుతో ఆ పిలుపు పోయింది. మూడు నెలలు రెండిళ్ల మధ్య మాటల్లేవు. ఆయన గోడ మీంచి మా వైపు ఉమ్మేవాడు. అమ్మ ఆయన వాకిలి వైపే చీపురు దులిపేది.

అలాంటి రోజుల్లో కుక్కపిల్లకు రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. రెండో రోజుకి నీళ్లు కూడా తాగలేదు. నాన్న సైకిలు వెనక గంప కట్టి, గోనెసంచి పరిచి, దాన్ని పడుకోబెట్టాడు. నేను ముందు కడ్డీ మీద కూర్చున్నాను. రేపల్లె పశువుల ఆసుపత్రికి వెళ్లొస్తామని నాన్న అమ్మతో చెప్తుంటే, గేదెను విప్పుతున్న పక్కింటాయన విన్నాడు. గంప వంక చూశాడు. గేదెను తోలుకుని వీధిలోకి వెళ్లిపోయాడు.

రేపల్లెలో కాంపౌండరు గుమ్మం దగ్గరే ఆపాడు.

"ఏ ఊరండి?"

"చెరుకుపల్లండి."

"అయ్యో, ఇవాళ గురువారం కదండి! డాక్టరుగారు మీ ఊరే వెళ్లారు. ప్రతి గురువారం మీ పాలకేంద్రం దగ్గరే ఉంటారుగా. దీనికి సెలైన్ ఎక్కించాలి. మందుల పెట్టె ఆయనతోనే వెళ్లింది."

పాలకేంద్రం మా ఇంటికి రెండు వీధుల అవతల. అక్కడ పాలు పోసేవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. మేం పాలు కొనుక్కునేవాళ్లం.

తిరిగొచ్చేటప్పుడు ఎదురుగాలి. నాన్న చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. నేను మాటిమాటికీ మెడ తిప్పి గంపలోకి చూస్తున్నాను. ఊరి మొదట్లోకి వచ్చేసరికి దాని పొట్ట ఎగరడం ఆగిపోయింది. పాలకేంద్రం దగ్గర్నుంచి డాక్టరు కూడా అప్పటికే వెళ్లిపోయాడు. గేదెకు సూది వేయించుకుని పక్కింటాయన ఎదురొచ్చాడు.

"నీకు తెలుసు కదా!" అని అరిచాను. పెద్దవాళ్లను నువ్వు అనడం నాకు అదే మొదటిసారి.

"తెలుసురా. నన్నడిగారా? అడిగితే మీ నాన్న నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?"

నాన్న ఆయన్ని కొట్టాలని కోరుకున్నాను. నాన్న సైకిలు నడిపించుకుంటూ ఇంటికి వచ్చి, దొడ్లో గొయ్యి తవ్వాడు.

మళ్లీ గురువారం బడికి గంట సెలవు పెట్టి, నన్ను పాలకేంద్రానికి తీసుకెళ్లాడు. గేదెల వరసలో వట్టి చేతులతో నిలబడ్డాం.

"ఏంటి మాస్టారూ, మీ గేదేదండి?" అని ఒకాయన అడిగాడు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. నాన్న మాత్రం నేరుగా పక్కింటాయన దగ్గరికి వెళ్లాడు.

"అన్నయ్యగారూ, డాక్టరుగారు ఎన్నింటికి వస్తారండి?"

నవ్వులు ఆగాయి. అందరి ముందూ అడిగితే చెప్పక తప్పదు కదా. "తొమ్మిదింటికి" అన్నాడాయన, గేదె కొమ్ముతో చెప్తున్నట్టు.

డాక్టరు వచ్చి, కాంపౌండరు చెప్పిన కుక్క ఏదని అడిగాడు.

"పోయిందండి. ఇంకోటి వచ్చేలోపు తెలుసుకుందామని వచ్చాం."

డాక్టరు నవ్వలేదు. ఆయన చెప్పినవన్నీ నాన్న నా నోటుపుస్తకంలో నాచేత రాయించాడు. ఏ రోజు ఏ ఊళ్లో ఉంటారు, ఆదివారమైతే ఇల్లెక్కడ, టీకా తెనాలిలో ఎక్కడ దొరుకుతుంది, సెలైన్‌కి ఎంతవుతుంది, ఏడాదికి ఎంత పక్కన పెట్టాలి. ఆ చివరి అంకె కూడబెట్టాకే ఇంకో కుక్క అన్నాడు నాన్న. ఇంకో కుక్కపిల్ల ఏడాది తర్వాతే వచ్చింది.

పక్కింటాయన్ని నేను క్షమించలేదు. ఆయన చనిపోయాడని తెలిసినప్పుడు కూడా నాకు ముందు గుర్తొచ్చింది ఆ గంపే. కానీ ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం కోసం తెనాలి, బాపట్ల అంటూ ఇళ్లు మారుతున్నా, సామాను దించేలోపే ఒక కాగితం మీద ఆ నోటుపుస్తకంలోని ప్రశ్నలే రాసుకుంటాను. జవాబుల కోసం వీధిలో తలుపులు తడతాను. ఎవరి మొహం మరీ చిటపటలాడుతూ కనిపిస్తే, ముందు వాళ్ల తలుపే.