రైలు చూసి గడ్డి కోసిన ఎండాకాలం

మొన్న ఏప్రిల్‌లో ఊరికి పోదామని జనగామ స్టేషన్‌లో నిలబడి ఉంటే, సికింద్రాబాద్ దిక్కు నుంచి వచ్చిన రైలు నిలువెల్లా తడిసి, నెత్తి మీది నుంచి నీళ్లు కారుస్తూ, చెరువులో మునిగి లేచిన బర్రెలాగా ప్లాట్‌ఫాం మీదికి వచ్చి ఆగింది. జనగామలో మాత్రం ఎండ ఎట్లా కాస్తున్నదంటే, నా పక్కన సిమెంటు బెంచీ మీద కూర్చున్న పెద్దమనిషి లేచేసరికి సగం పెద్దమనిషి బెంచీకే అంటుకుని ఉన్నాడు. అందరూ కిటికీ పక్క సీట్లు తడిసిపోయాయని తిట్టుకుంటూ ఎక్కుతుంటే నేనొక్కడినే వెనక్కి జరిగి, మెడ ఎత్తి, ముందు పెట్టెలు ఎక్కువ తడిసినయా వెనక పెట్టెలా అని పరీక్షగా చూస్తూ నిలబడిపోయాను. మా ఆవిడ చెయ్యి పట్టి లాగకపోతే ఆ రైలు వెళ్లిపోయేదే. ఇన్నేళ్ల సంసారంలో ఆమెకు లోకంలోని సంగతులన్నీ, అందులో సగం జరగనివి కూడా, చెప్పాను గానీ ఈ ఒక్క సంగతి చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నా ఈడు వాళ్లు, మీ ఇంటి వెనక కూడా ఒకప్పుడు గడ్డివాము ఉండే ఉంటుంది, తిట్టినా జర మెల్లగా తిడతారు.

మాది గార్ల దగ్గర పల్లె. నాకు ఇరవై రెండేళ్లప్పుడు డోర్నకల్ జంక్షన్‌లో పార్శిళ్ల దగ్గర తాత్కాలికపు కొలువు దొరికింది. కొలువంటే రైలు ఆగగానే బుట్టలూ మూటలూ దింపడం, వాటికి కట్టిన చీటీలు చదవడం, చదవరానివాటిని ఊహించడం. మా బాపు ఊళ్లో చెప్పుకునే తీరు చూస్తే మాత్రం, నేను చెయ్యి ఊపకపోతే ఢిల్లీ నుంచి మద్రాసు దాకా ఏ బండీ కదిలేది కాదు. పొద్దున ప్యాసింజర్‌కు పోయి సాయంత్రం ప్యాసింజర్‌కు వచ్చేవాడిని. గార్లలో దిగి హోటల్లో చాయ్ తాగితేనే ఇంటికి దారి కనబడేది.

ఒకనాడు ఆ హోటల్లోనే, ఊరికే నోరు ఊరుకోక, ఖమ్మం దిక్కు నుంచి వచ్చిన రైలు తడిసి ఉన్నది, పొద్దు గూకేసరికి మనకూ వాన వస్తుంది అన్నాను. వచ్చింది. నాకంటే ఆ వానే ఎక్కువ ఆశ్చర్యపోయి ఉంటుంది. మరునాటి నుంచి నాకు చాయ్ అడగకుండానే వచ్చేది, బెంచీ మీద జాగా దొరికేది, నాకంటే ముప్పై ఏళ్లు పెద్దవాళ్లు మిరపకాయలు ఆరబోయాలా వద్దా అని నన్ను అడిగేవాళ్లు. నేనూ తగ్గలేదు. ఖమ్మం దిక్కు నుంచి ఒక లైను, వరంగల్ దిక్కు నుంచి ఒక లైను, కొత్తగూడెం దిక్కు నుంచి ఒక లైను, మూడు దిక్కుల ఆకాశం నా ప్లాట్‌ఫాం మీదికి వచ్చి హాజరు పలికి పోతుందని చెప్పేవాడిని. మా చిన్నాయిన ఒక్కడికే నా మీద నమ్మకం లేదు. బాపుకు సొంత తమ్ముడు, ఒకే బావి కింద మా పొలం పక్కనే ఆయన పొలం. నేను కనబడితే చాలు, "ఏందిరా, ఇయ్యాల మబ్బులకు గూడ టికెట్ గొట్టి పంపినవా?" అనేవాడు.

ఆ ఏడు యాసంగిలో, ఎండాకాలపు పంటకు, బావి అడుగంటింది. వరి సరిగ్గా పాలు పోసుకునే వేళకు నీళ్లు అందక గింజలన్నీ తాలుగానే మిగిలాయి, కంకి పట్టుకుంటే దూదిలా తేలిక. వడ్ల మీద ఆశ పోయింది. మిగిలింది గడ్డి. పాత వాము అప్పటికే కరిగి కరిగి, కోళ్లు కూడా నమ్మకం లేక గుడ్లు పెట్టడం మానేసినంత చిన్నదయిపోయింది. వానలు పడి గట్ల మీద పచ్చిక లేచేదాకా మా రెండెడ్లూ బతకాలంటే ఈ గడ్డే. ఆ రెండెడ్లు ఉంటేనే బాపుకు దున్నకం, బండి, బజారులో నడిచేటప్పుడు కొంచెం ఎత్తిన తల. అందులో ఎర్రెద్దుకు గడ్డి విషయంలో ఎంత పట్టింపంటే, పెళ్లిచూపులకు వచ్చిన ఆడబిడ్డలాగా పోచ పోచనూ వాసన చూసి, వంక దొరికితే మొహం తిప్పుకునేది.

మన ఈడు వాళ్లకు కొత్తగా చెప్పేదేముంది, గడ్డి కోయడం పెద్ద పని కాదు, ఎప్పుడు కోయాలన్నదే పని. కోసి పరిస్తే మూడు రోజులు నిండు ఎండ కావాలి, తిరగేయాలి, కట్టలు కట్టాలి, వాము వేయాలి. ఆ మూడు రోజుల్లో ఒక్క వాన పడ్డా నల్లబడి బూజు పడుతుంది. కోయకుండా నిలబెడితే రోజురోజుకూ రసం చచ్చి చీపురు పుల్లలైపోతుంది. ఆ ఏడు ఆకాశమేమో పొద్దంతా నిప్పులు కురిపించి, మూడు కొట్టగానే ఎక్కడి నుంచో నాలుగు మబ్బులను తెచ్చి మా నెత్తి మీద నిలబెట్టి, నాలుగున్నరకు మళ్లీ తీసుకుపోయేది. బాపు రోజూ పొలం దాకా పోయి, ఒక దుబ్బు పీకి, విరిచి, నమిలి, ఉమ్మేసి తిరిగి వచ్చేవాడు. మా అవ్వకు, అదే అమ్మకు, ఓపిక పోయింది. "కోస్తే తడుస్తదంటిరి, కొయ్యకుంటే ఎండుతదంటిరి. ఏదన్న ఒకటి తెగజెప్పుండ్రి. నేనైతే కొడవలి ఒళ్లె పెట్టుకొని గడపల కూసుంట" అన్నది. బాపు నా వైపు చూశాడు. "రేపు రైలు సూసి చెప్పు బిడ్డా" అన్నాడు.

మరునాడు ఖమ్మం దిక్కు నుంచి వచ్చిన బండి అవతలి ప్లాట్‌ఫాం మీద ఆగింది. నా కళ్లతో చూశాను, వెనక పెట్టెల పక్కల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. దగ్గరికి పోయి చూసే తీరిక లేదు, ఉన్నా అంత పెద్ద నిపుణుడు పట్టాలు దాటి పోవడమా. సాయంత్రం హోటల్లో అందరూ వినేటట్టుగా, అక్కడ కుండపోత, ఇక్కడికి రెండు రోజుల్లో వస్తుంది, ఎవరూ కొడవలి ముట్టొద్దు అని ప్రకటించాను. చిన్నాయిన మాత్రం గ్లాసు కింద పెట్టి, "రైలు తడిస్తె రైలే ఆరేసుకుంటది తియ్యి. నేనైతే పొద్దుగాల కోస్తున్న అన్నా" అని బాపుతో చెప్పి లేచిపోయాడు. బాపు నవ్వి, మావోడు చెప్పిండంటే చెప్పిండే అన్నాడు.

ఆ మరునాడు అదే బండి మా ప్లాట్‌ఫాం మీదికే వచ్చింది. పార్శిల్ పెట్టె తలుపు తీశాను. సముద్రం దిక్కు నుంచి వచ్చిన చేపల బుట్టలు, మంచుగడ్డలు పోసి పేర్చినవి, అవి కరిగి కరిగి పెట్టె కింది నుంచి, పక్కల నుంచి, ధారగా కారుతున్నాయి. నిన్నటి కుండపోత ఇదే. నేను ఆ బుట్టలన్నీ భుజాన మోసి దింపాను. నా అంగి ఎట్లా కంపు కొట్టిందంటే, సాయంత్రం ప్యాసింజర్‌లో నాకు ఒక బెంచీ మొత్తం వదిలేశారు. గార్లలో నేను దిగితే పిల్లులు కూడా దిగాయి. అవ్వ ఆ అంగి వేలికొసలతో పట్టుకొని, "గిదేం వాసనరా, రైలెక్కి వచ్చినవా, చెరువుల ఈదుకుంట వచ్చినవా?" అన్నది. చేపల బుట్టలు వచ్చాయన్నాను. నిన్న కూడా అవే వచ్చాయన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. బాపు అప్పుడే హోటల్ నుంచి వచ్చి, ఊరంతా నీ మాట మీదనే ఆగిందిరా అని మురిసిపోతూ కాళ్లు కడుక్కుంటున్నాడు. మింగేశాను.

ఇక ఆ ఎండ చూడండి. ఒకటి కాదు, వరుసగా నాలుగు రోజులు, నా మీద పగబట్టినట్టు కాసింది. మూడు గంటల మబ్బులు కూడా సెలవు పెట్టాయి. పక్క పొలంలో చిన్నాయిన గడ్డి తిరగేస్తుంటే గలగలమని ఆ చప్పుడు మా అరుగు దాకా వినిపించేది. నేనెప్పుడు కనబడ్డా ఆయన ఎక్కిరించేవాడు గానీ, వాము వేసే రోజు మాత్రం ఎక్కిరించలేదు, బాపు దగ్గరికి వచ్చి, "అన్నా, ఎండ మంచిగున్నది, ఇప్పటికన్న కొయ్యే. నేను గూడ పట్టిస్త" అన్నాడు. బాపు తల అడ్డంగా ఊపాడు. నేను అక్కడే ఉన్నాను. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు.

అయిదోనాడు మూడు దిక్కుల బండ్లూ ఎండిపోయి, దుమ్ము కొట్టుకుపోయి వచ్చాయి. ఈసారి పట్టాలు దాటి పోయి చేత్తో తడిమి చూశాను. కోయండి అన్నాను. తమ్ముడు ఇంకా చిన్నవాడు, బాపూ అవ్వా నేనూ, ముగ్గురమూ ఒక్క రోజులో కోసి పరిచాం. రెండు రోజులు బాగా ఎండింది. మూడోనాడు మధ్యాహ్నం కట్టలు కట్టడానికి తాళ్లు తడిపి పెట్టుకున్నాం. అప్పుడు లేచింది మబ్బు, ఖమ్మం దిక్కు కాదు, వరంగల్ దిక్కు కాదు, కొత్తగూడెం దిక్కూ కాదు. పైన భూపాలపల్లి అడవుల దిక్కు నుంచి. అటు రైలు లేదు. ఆ దిక్కు నుంచి నాకు కబురు చెప్పేవాడు ఎవడూ లేడు.

నిమ్మకాయంత రాళ్లు పడ్డాయని రాయడానికి నా చెయ్యి లాగుతున్నది. చింతగింజంతవి పడ్డాయి, అవి చాలు. రాళ్ల తరువాత వాన. అవ్వ ఉన్న ఒక్క టార్పాలిన్ పరదాను ఈ మూల నుంచి ఆ మూలకు ఈడుస్తూ పొలమంతా పరుగెత్తింది. బాపు గట్టు మీద కూర్చున్నాడు, లేవలేదు.

తరువాత ఎనిమిది రోజులు రోజూ ఇంత చినుకు. తిరగేసిన కొద్దీ కింద నల్లగా, జిగటగా, పుట్టగొడుగుల వాసన. పైపైన ఆరిన నాలుగు మోపులు ఏరి తెచ్చి ఎడ్ల ముందు వేస్తే, ఎర్రెద్దు వంగి వాసన చూసింది, తల ఎత్తి బాపు వైపు చూసింది, మళ్లీ వాసన చూసింది. మొహం తిప్పుకోలేదు, ఆకలి మీద ఉన్నది. నోట పెట్టి, నమలలేక, కింద వదిలింది. తెల్లెద్దు మొండికి తిని రెండు రోజులు పారుకున్నది. చిన్నాయిన ప్రతి పొద్దున ఒక మోపు నెత్తిన పెట్టుకొని వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా కొట్టంలో వేసి పోయేవాడు. పదిహేను రోజులయ్యాక బాపు ఆయనను ఆపాడు. "రేపటిసంది తేకురా. నీ ఎడ్లకు గూడ నోళ్లున్నయి" అన్నాడు. చిన్నాయిన అక్కడే నిలబడి, "ఉన్నయి గాని అన్నా..." అని రుమాలు దులుపుకుంటూ వెళ్లిపోయాడు.

మానుకోట పశువుల అంగడికి ఎడ్లను అమ్మకానికి తోలుకొని పోయేటప్పుడు బాపు వెంట నేనూ నడిచాను. రెండు మూడు ఊళ్లు దాటాక ఇక ఆగలేకపోయాను. "బాపూ, ఆనాడు ఆ రైలు వానకు తడవలే. అవి చేపల బుట్టల నీళ్లు" అన్నాను.

"ఎరుకే" అన్నాడు బాపు. "ఆనాటి నీళ్లు గూడ గివే అయితయని మీ అవ్వ నీ అంగి పిండిననాడే చెప్పింది."

"మరెందుకు కొయ్యకపోతివి?"

బాపు తెల్లెద్దు మెడ కింద చెయ్యి వేసి నిమురుతూ చాలా దూరం నడిచాడు. "నేను కోస్తె నువ్వు చెప్పింది అబద్ధమని ఊరంత నవ్వుతుండె" అన్నాడు. ఎర్రెద్దు పగ్గం సవరించి, "నీ అంతల నువ్వే చెప్తవని సూసిన. ఒకటి రెండు దినాలే గద అనుకున్న" అన్నాడు. అంతే. ఆ తరువాత ఆయన బతికి ఉన్నన్నాళ్లూ ఆ సంగతి మా ఇద్దరి మధ్యకు రాలేదు, కొట్టంలోకి మళ్లీ ఎడ్లూ రాలేదు. కోపగించుకొని ఒక్క దెబ్బ కొట్టి ఉంటే ఈపాటికి నేను దాన్ని వంద దెబ్బలు చేసి మీకు నవ్వుతాలుగా చెప్పేవాడిని. కొట్టలేదు, పెంచి చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగలలేదు.

మొన్న ఆ తడిసిన రైలెక్కి ఊరు చేరేసరికి, మా తమ్ముడి పొలం, ఒకప్పటి బాపు పొలమే, కోసి వారమైందట. మిషన్ వచ్చి గంటలో కోసి, వడ్లు ట్రాక్టర్‌లో పోసి, గడ్డిని తోక వెనక ఉమ్మేసుకుంటూ పోయిందట. ఆ వారమంతా ఊరి మీద చినుకు పడలేదు. నేను పొలంలోకి దిగి ఒక పిడికెడు ఎత్తి చూశాను. అట్లాంటి గడ్డిని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పసుపు రాసినట్టు రంగు, విరిస్తే టక్కుమని చప్పుడు, తీపి వాసన. బాపు గట్టు మీద కూర్చొని ఆకాశాన్ని అడిగిన మూడు రోజుల ఎండ, అడిగేవాళ్లు లేని చోట ఏడు రోజులు కాసి పెట్టింది. ఊరు మొత్తం మీద ఇప్పుడు ఎద్దు లేదు, మా తమ్ముడి ఇంటికి పాలు ప్యాకెట్‌లో వస్తాయి. మబ్బు పడితే ఫోన్ ముందే చెబుతుంది, ఎవరూ తల ఎత్తి చూడనక్కర లేదు, ఎవరి మాట కోసమూ ఎవరూ ఆగనక్కర లేదు. మా తండ్రులకు దొరకనిదంతా మాకు దొరికింది, దేనికోసం కావాలన్నారో అది తప్ప.

కట్టలు కట్టే మిషన్ వాడు రానన్నాడట, పొలం దున్నాలట. తమ్ముడు ఆ చివర అగ్గిపుల్ల గీశాడు. నేను ఎందుకో తెలియదు గానీ ఈ చివర నుంచి వంగి, ఒళ్లోకి పట్టినంత గడ్డి పోగేసుకుంటూ నడిచాను. పొగ అవతలి నుంచి తమ్ముడు కేకేసి అడిగాడు: "గది ఎవ్వలకే అన్నా?"

మంట దాకా నడిచాను. ఒళ్లోని గడ్డి అంతా అందులో వేశాను. బాగా ఎండిన గడ్డి కదా, వేయగానే అంటుకున్నది.