గొలుసుకు కట్టని ఎర్రగుడ్డ

మొన్న కోడలు అటక మీది ట్రంకుపెట్టె దించి, ఇల్లు తుడవడానికి పాతగుడ్డలు ఏరుతూ అడుగునుంచి ఒక దిండు గలీబు తీసింది. ఎర్రటిది. "అత్తమ్మా, గిది మస్తు గట్టిగున్నది. చింపాల్నా?" అని అడిగింది. గుడ్డల విషయంలో నా పద్ధతి ఆమెకు తెలుసు. చీర చిరిగితే లంగా, లంగా చిరిగితే గలీబు, గలీబు చిరిగితే మసిగుడ్డ. "అది ముట్టకు. ఎక్కడిదక్కడ పెట్టు" అన్నాను. నా మొహం చూసి ఆమె దాన్ని మడిచి మళ్ళీ అడుగున పెట్టేసింది. ఆ పూట నేను అన్నం తినలేదని మాత్రం నా కొడుకుతో చెప్పిందట.

ఆ గుడ్డ మా ఇంటికొచ్చిన నాటికి ఈ మెట్రో స్తంభాలు లేవు. నల్గొండ దిక్కు ఊరినుంచి పట్నం వచ్చి కొత్తపేటలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం. పండ్ల మార్కెట్టు దగ్గరే కాబట్టి విరిగిన పెట్టెల చెక్కలు ఏరి తెచ్చి పొయ్యిలో పెట్టేదాన్ని. వంటచెరుకు కొన్న గుర్తు నాకు లేదు. మా ఆయన ఎల్బీ నగర్ దాటి, ఇళ్ళు పలచబడే చోట, అడవి గేటు దగ్గర రోజుకూలీ వాచరు. పొద్దు పొడిచాక సైకిల్ మీద పోయి, చీకటి పడేవేళకు తిరిగొచ్చేవాడు. ఆ గేటు గుండా మట్టిబాట అడవిలో పడి అవతలి ఊళ్ళకు పోతుంది. మొదట్లో ఎవరి బండి వాళ్ళు తోలుకుపోయేవాళ్ళు. ఒక ఎండాకాలం ఎవడో బండి మీద పోతూ పారేసిన బీడీ ముక్కకు గడ్డి అంటుకుని రెండు రోజులు కాలింది. వానాకాలం ట్రాక్టర్లు తిరిగి బాటంతా మడుగులైంది. జింకపిల్ల ఒకటి చక్రం కింద పడింది. దాంతో ఫారెస్టు ఆఫీసు ఇచ్చిన చిట్టీ లేనిదే మోటారు బండి లోపలికి పోవద్దని ఆర్డరొచ్చింది. మా ఆయన పొట్టివాడు, మాట మెల్లగా ఉండేది, కానీ గేటు దగ్గర కదిలేవాడు కాదు. జీపులో వచ్చిన పెద్దమనిషి ఎవరైనా "నేనెవరో తెలుసా?" అని గద్దిస్తే, "తెల్వదు సార్, చిట్టీ చూస్తే తెలుస్తది" అనేవాడు.

గేటు పక్కన నడిచేవాళ్ళ కోసం విడిచిన సందు ఉండేది. మోటారు సైకిళ్ళు అందులోంచి దూరడం మొదలయ్యేసరికి, ఆ సందుకు అడ్డంగా ఛాతీ ఎత్తున గొలుసు కట్టమన్నారు. మనుషులు వంగి పోవాలి, బండ్లు ఆగిపోవాలి. గొలుసు దూరంనుంచి కనపడేట్టు దానికి ఎర్రగుడ్డ కట్టాలి, సాయంత్రం ఇంటికొచ్చేముందు గొలుసు చివరి కొక్కేనికి తాళం వేయాలి. మా ఆయన గుడ్డ కట్టేవాడు కానీ తాళం వేసేవాడు కాదు. పాలవాడి కోసం. అవతలి ఊరినుంచి తెల్లవారకముందే మోటారు సైకిల్‌కు రెండు క్యాన్లు తగిలించుకుని కొత్తపేటకు వచ్చేవాడు ఆ మనిషి. అడవిబాట లేకపోతే హైవే చుట్టు తిరిగి, ఎల్బీ నగర్ చౌరస్తాలో పడి రావాలి. అంతలో పాలు విరుగుతాయి. అందుకని ఎర్రగుడ్డ కనపడగానే బండి ఆపి, కొక్కెం తీసి, దాటి, మళ్ళీ తగిలించి వచ్చేవాడు.

"నువ్వు అడవికి కావలున్నవా, పాలోనికి కావలున్నవా?" అని నేను రోజూ దెప్పేదాన్ని. మళ్ళీ ఆ పాలే పొద్దున్నే మా గడపలోకి వచ్చేవి. "పాలూ" అని వాడు మా గల్లీ మొదట్లో కేక పెడితే ఇటు చివర మా గిన్నెలు కదిలేవి, అంత గొంతు. "నీళ్ళు మస్తు కలిపినవేందిరా" అంటే, "అడవిల వాన కొట్టిందక్కా, మూత తెరిచున్నది. వాన దేవునిది, నన్నంటవేంది?" అని గట్టిగా నవ్వి ఒక చెంచా ఎక్కువ పోసేవాడు.

ఆ ఏడు వానలకు గొలుసు మీది గుడ్డ వెలిసిపోయింది. ఆఫీసు నుంచి కొత్త ఎర్రగుడ్డ ఇచ్చారు, మంచి మందపుది. మా ఆయన దాన్ని ఇంటికి తెచ్చి పీలికలుగా కత్తిరించమన్నాడు. చేత్తో పట్టుకుని చూశాను. అలాంటి గుడ్డను ఎండకూ వానకూ వేలాడదీయడానికి నాకు చేతులు రాలేదు. నా పాత ముదురెరుపు రవిక ఒకటి ఉంటే చింపి ఇచ్చాను. ఆయన దాన్ని వెలుగులో పట్టి, "మట్టిరంగున్నది కదనే" అన్నాడు. "ఎరుపు ఎరుపే. కోతులు పీకేదానికి కొత్తది ఎందుకు?" అన్నాను. ఆయన నాతో వాదించే మనిషి కాదు. తీసుకుపోయి కట్టాడు. కొత్త గుడ్డను నేను దిండుకు గలీబు కుట్టాను. కోస్తా నుంచి వచ్చిన మా ఇంటి ఓనరమ్మ చూసి, "భలే ఉందే, ఏ కొట్లో తీసుకున్నావమ్మా?" అని అడిగింది. ఇంట్లో ఉన్న గుడ్డే అన్నాను.

కార్తీకంలో మంచు దిగింది. ఒకరోజు పొద్దెక్కినా గల్లీలో కేక వినపడలేదు. పాలవాడు ఎప్పట్లాగే బండి తోలుకొచ్చాడు, ఎర్రగుడ్డ కనపడితే ఆపుదామని చూస్తూనే వచ్చి ఉంటాడు. ఆ మంచులో మట్టిరంగు గుడ్డ మట్టిలో కలిసిపోయింది. గొలుసు గొంతుకు పడింది. కట్టెలకు పోయే ఆడవాళ్ళు చూసేసరికి పాలు నేలంతా పారి ఉన్నాయి, మనిషి నోట మాట లేదు. దవాఖానలో ప్రాణం నిలబెట్టారు. గొంతు మాత్రం తిరిగి రాలేదు.

ఆఫీసువాళ్ళు మా ఆయనను రెండే అడిగారు. తాళం ఎందుకు లేదు, ఇచ్చిన గుడ్డ ఏమైంది. "తాళం నేనే వెయ్యలే సార్. గుడ్డ కోతులు పీక్కపోయినయి" అన్నాడట. పనిలోంచి తీసేశారు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే, నా పేరెందుకు చెప్పలేదని అడిగాను. "కట్టింది నేనే గద" అన్నాడు. తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా కుదిరి, కన్నుమూసేదాకా వచ్చేపోయే ప్రతి కారుకూ గేటు తీసి సలాం కొట్టాడు. ఎవరినీ చిట్టీ అడగలేదు.

ఆ కొత్త పని దొరకకముందే, మా ఆయన అడవి పని పోయిందని విని, పాలవాడు మెడకు తువ్వాలు చుట్టుకుని, భార్యను వెంటబెట్టుకుని పలకరించడానికి వచ్చాడు. పలకరించాల్సింది మేమూ, వచ్చింది వాడూ. "మీ పని మా ఆయన వల్లనే పాయె అక్కా" అంది ఆమె. వాడు నిలబడలేకపోతున్నాడని చాప పరిచి, ఆ తత్తరలో ఇంట్లో ఉన్న ఒక్క దిండూ తెచ్చి వేశాను. వాడు కూచోబోయి గలీబును చూశాడు. వేలితో దాని అంచు తడిమాడు. తర్వాత నన్ను చూశాడు. ఏదో అడగడానికి పెదవులు కదిలాయి, గాలి తప్ప ఏమీ రాలేదు. దిండును మెల్లగా పక్కకు జరిపి, గోడకు ఆనుకుని కూచున్నాడు. తెలిసి జరిపాడో, మెడ నొప్పికి జరిపాడో. అడిగే గొంతు వాడికి లేదు, చెప్పే గొంతు ఉండీ నేను చెప్పలేదు.

ఇప్పుడు వాడూ లేడు, మా ఆయనా లేడు. ఆ రోజునుంచి ఆ దిండు మీద ఎవరం తల పెట్టలేదు. ఆ గుడ్డ గొలుసు మీద ఉండి ఉంటే రెండేళ్ళలో ఎండి, నాని, పీలికలై మట్టిలో కలిసిపోయేది. దాని వంతు ఎండా వానా దానికి తగలనివ్వకుండా దాచాను కాబట్టి, ఇన్నేళ్ళు గడిచినా అది నిన్న కొన్నట్టే ఎర్రగా ఉంది.