అత్తమ్మ పెట్టిన వైఫై

పోయిన నెల మా అత్తమ్మ కన్నుమూసింది. ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసి "అమ్మ పోయింది" అన్నాడు. ముంబయి కామాఠీపురాలో వరుస గదులున్న మా చాల్ మూడో అంతస్తులో ఆ కబురు నేను ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు. నా ముఖం చూసి, గదుల ముందు గ్యాలరీలో బట్టలు ఆరేస్తున్నవాళ్లు అవి అక్కడే వదిలేసి మా గుమ్మం దగ్గరికి వచ్చారు.

అత్తమ్మ ముంబయిలోనే పుట్టింది. వాళ్ల తాత పాలమూరు నుంచి ఇళ్లు కట్టే పనికి వచ్చాడట. ఆమె మాత్రం ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. ఇంట్లో తెలుగు, మెట్లు దిగితే మరాఠీ. నేను మహబూబ్‌నగర్ పక్క పల్లె నుంచి కోడలిగా వచ్చినప్పుడు నాకు మరాఠీ ఒక్క ముక్క రాదు. కూరగాయలకు వెళ్లడానికి జంకితే, "తప్పు మాట్లాడు, ఏమైతది? వాళ్లు నవ్వుతరు, నువ్వు కూరగాయలు తెచ్చుకుంటవ్" అనేది. అలాగే వెళ్లాను. వాళ్లు నవ్వారు, నేను తెచ్చుకున్నాను.

తర్వాత ఇక్కడే వర్లిలో కొందరు తెలుగు పిల్లలకు ఆన్‌లైన్‌లో చదవడం, రాయడం నేర్పడానికి ఒప్పుకున్నాను. నా మొదటి సంపాదన అదే కావాలి. మొదటి క్లాసు సాయంత్రం. ఆ మధ్యాహ్నం నెట్ నెమ్మదిగా వస్తోందని అత్తమ్మ రూటర్ వెనకున్న సన్న రంధ్రంలో పిన్నీసు పెట్టి నొక్కింది. అందులోని సెట్టింగులన్నీ చెరిగిపోయి ఎర్ర లైటు వెలిగింది. మా గదిలో ఫోన్ సిగ్నల్ మాటలకు సరిపోతుంది గానీ వీడియోకు చాలదు. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ.

"నేనే జెడగొట్టిన, నేనే బాగ చేయిస్త. నువ్వు కూసో" అంది.

నెట్ కనెక్షన్ ఇచ్చినతనికి ఫోన్ చేసింది. రేపు వస్తానన్నాడు. ఇప్పుడే ఫోన్‌లో చెప్పమని పట్టుబట్టింది. అతను మరాఠీలో చెబుతుంటే ఆమె నాకు తెలుగులో చెప్పింది. తెర మీది ఇంగ్లీషు చదివి నేను నొక్కాను. రూటర్ కింద అంటించిన చీటీ మీది వైఫైకి నా ఫోన్ కలిపి, అదే చీటీ మీది అంకెలు బ్రౌజర్‌లో కొట్టి, లోపలి పేజీ తెరిచాను. కనెక్షన్ రకం దగ్గర పీపీపీఓఈ ఎంచుకుని, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మాత్రం స్పీకర్‌లో అతను చెప్తుంటే నేనే విని, అక్షరం అక్షరం కొట్టి సేవ్ చేశాను. లైటు ఎర్రగానే ఉంది. మళ్లీ చేశాను. అయినా ఎర్రగానే ఉంది.

"ఏం రాసినవో ఒక్కొక్కటి చదువు."

"ఎం, ఓ, టి, ఏ, ఆర్..."

అత్తమ్మ ఆపింది. "మరాఠీల మోఠా ఆర్ అంటే పెద్ద ఆర్ బిడ్డ. నువ్వు మోఠా గూడ రాసినవా?"

ఫోన్‌లో అతనూ నవ్వాడు. మోఠా తీసేసి పెద్ద ఆర్ పెట్టాను. లైటు పచ్చగా మారింది. ఆ సాయంత్రం పిల్లలు అ, ఆలు పలుకుతుంటే, గ్యాలరీలో ఎవరూ గొంతు పెంచకుండా అత్తమ్మ గుమ్మంలో నిలబడి చూసుకుంది.

ఆ తర్వాత మాకు రూటర్ అంటే భయం పోయింది. కింది అంతస్తులో పాలమూరు నుంచి వచ్చిన భవన నిర్మాణ కూలీలు అద్దెకుండేవారు. వాళ్లలో ఒక మేస్త్రీ ఇంటికి వీడియో కాల్ చేస్తే మాట మాటకూ తెగిపోయేది. వాళ్లకూ మన వైఫై ఇద్దామంది అత్తమ్మ. మా ఆయన వద్దన్నాడు, మన ఫోన్లకే ప్రమాదమన్నాడు. సెట్టింగుల్లో బయటివాళ్లకు వేరే పేరుతో, వేరే పాస్‌వర్డ్‌తో వైఫై పెట్టే వీలుందని నేను చెప్పాను.

"అంటే ఇల్లు మనకే ఉంటది, వాళ్లను వాకిట్ల కూసోనిస్తం. అంతేనా?"

"అంతే అత్తమ్మా."

"అయితే పెట్టు."

ఈసారి ఎవరికీ ఫోన్ చేయలేదు. మేమిద్దరమే కూర్చుని పెట్టేశాం. పొద్దుగూకితే కూలీలు మా మెట్ల మీద కూర్చుని ఊరితో మాట్లాడేవారు. అటుగా వెళ్తూ అత్తమ్మ ఆ ఫోన్లలోకి తొంగిచూసి, "తిన్నరా?" అని అందరినీ పలకరించేది.

దినాలు జరిగిన రోజు సాయంత్రం మేస్త్రీ మా ఇంటికి వచ్చాడు. చేతిలోని ఫోన్‌లో ఊళ్లో ఉన్న అతని భార్య. "మా ఇంటామె పెద్దమ్మను చూస్తనంటుంది" అన్నాడు. అత్తమ్మను ఆమె ఫోన్‌లో తప్ప ఎన్నడూ చూడలేదు. అతను గోడ మీది ఫోటోకు ఎదురుగా ఫోన్ పట్టుకున్నాడు. తెరలో ఆమె కొంగు తల మీదికి లాక్కుంది.

"దండ అడ్డమొస్తున్నది. పెద్దమ్మ ముఖం మంచిగ కానొస్తలేదు" అంది.

నేను దండ పక్కకు జరిపాను. మేస్త్రీ మునివేళ్ల మీద లేచి ఫోన్ ఇంకొంచెం పైకెత్తాడు. ఆమె అలా చూస్తూ ఉండిపోయింది. అతను చెయ్యి దించలేదు.